మద్రాస్ టెర్రస్ గదిలో డాల్బీ అట్మాస్: 7.1 మేలా, 5.1.2 మేలా?

తెనాలి శ్రోత:
అందరికీ నమస్కారం. మా నాన్నగారి కాలం నాటి ఇంట్లో, 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు ఉన్న ముందు గదిలో, ఎనిమిదేళ్లుగా 5.1 సెట్ (చుట్టూ ఐదు స్పీకర్లు, బరువైన శబ్దాలకు ఒక సబ్‌వూఫర్) వాడుతున్నాను. పైకప్పు మద్రాస్ టెర్రస్. 13 అడుగుల ఎత్తున టేకు దూలాలు, వాటి మీద సున్నంతో పేర్చిన ఇటుక. సోఫా వెనక గోడకు ఆనుకునే ఉంటుంది, సరౌండ్ స్పీకర్లు రెండింటినీ పక్క గోడలకు 7 అడుగుల ఎత్తున బిగించాం. ఈ మధ్య అట్మాస్ (శబ్దాన్ని పై నుంచి కూడా వినిపించే డాల్బీ పద్ధతి) ఉన్న థియేటర్లో సినిమా చూసినప్పుడు వాన నిజంగా నెత్తిమీద కురుస్తున్నట్టే వినిపించింది. అదే సినిమాను ఇంట్లో ఓటీటీలో పెడితే, తెర మీద అట్మాస్ గుర్తు కనిపించినా, వాన గది చుట్టూ ఉందే గాని పైన లేదు. అట్మాస్‌లో 128 ట్రాకులు ఉంటాయని చదివాను. అవన్నీ నా ఐదు స్పీకర్లకు ఎలా చేరతాయి, చేరనివి ఏమైపోతాయి? ఖర్చు ఒక్కసారే పెట్టగలను కాబట్టి 7.1 (వెనక మరో రెండు స్పీకర్లు) చేయించుకోవాలో, 5.1.2 (పైన రెండు స్పీకర్లు) చేయించుకోవాలో చెప్పగలరు.

మిక్సింగ్ గది:
తెనాలి శ్రోత గారికి నమస్కారం. సౌండ్ మిక్సింగ్ నా వృత్తి కాబట్టి మీ మొదటి ప్రశ్నకు జవాబు చెబుతాను. పాత పద్ధతిలో మేము ఏ శబ్దం ఏ ఛానెల్‌లోకి వెళ్లాలో తేల్చి పంపేవాళ్లం. 5.1 థియేటర్లో ఎడమ గోడ పొడవునా ఎన్ని స్పీకర్లు ఉన్నా అవన్నీ కలిసి ఒకే శబ్దం వినిపిస్తాయి. 2010లో వచ్చిన 7.1 వెనక గోడను పక్క గోడల నుంచి విడదీసింది గాని, గోడ మీది వరుస వరుసగానే ఉండిపోయింది. 2012లో వచ్చిన అట్మాస్‌లో మారినది ఇదే. అందులో పాత పద్ధతిలోలాగే స్థిరమైన చోట్లకు వెళ్లే 10 ఛానెళ్ల ‘బెడ్’ ఒకటి పరిచి, దాని మీద 118 వరకు ‘ఆబ్జెక్టులు’ పెట్టుకోవచ్చు. ఒక్కో ఆబ్జెక్టు అంటే ఒక శబ్దమూ, అది క్షణక్షణానికీ గదిలో ఎక్కడ ఉండాలో, ఎంత మేర పరుచుకోవాలో చెప్పే లెక్కా. ఆ లెక్కను థియేటర్లోని ప్రాసెసర్ చదివి, అక్కడున్న స్పీకర్లలో (గరిష్ఠంగా 64 అవుట్‌పుట్లు) ఏది ఎంత మోగాలో అప్పటికప్పుడు తేలుస్తుంది. అందుకే తేనెటీగ గోడ పొడవునా ఒక్కొక్క స్పీకరు దాటుకుంటూ వెళ్లగలదు, అదే మిక్స్ చిన్న హాల్లోనూ పెద్ద హాల్లోనూ పని చేయగలదు.

ఇంటికి వచ్చేది ఇంత విడివిడిగా ఉండదు. దగ్గర దగ్గరగా ఉన్న ఆబ్జెక్టులను గుంపులుగా కలిపి, మొత్తం 12 నుంచి 16 వరకు కుదిస్తారు. ఓటీటీలో అయితే మామూలు 5.1 మిక్స్‌తో పాటు, అందులోంచి ఆబ్జెక్టులను తిరిగి విడదీసే సమాచారం వస్తుంది; ఆ సమాచారం చదవలేని పాత రిసీవర్ (స్పీకర్లకు శబ్దాన్ని పంచే పెట్టె) 5.1ని మాత్రమే వినిపిస్తుంది. కనుక మీ ఇంట్లో ఒక్క వాన చినుకు శబ్దం కూడా పోలేదు, అది ఎక్కడ పడాలన్నదే పోయింది.

గోడలూ తీగలూ:
మీ గదికి 7.1 వద్దని గట్టిగానే చెబుతాను. దానికి కావలసిన వెనక స్పీకర్లకు మీ వెనక చోటు ఉండాలి. సోఫా గోడకు ఆనుకుని ఉంటే అవి చెవి పక్కనే మోగుతాయి. 5.1.2 చేయించుకోండి. అయితే ముందు స్పీకర్ల మీద పెట్టి శబ్దాన్ని పైకప్పుకు కొట్టి కిందికి తిప్పే రకం మాత్రం కొనకండి. వాటికి చదునైన, గట్టి పైకప్పు కావాలి, ఎత్తు సుమారు 7.5 నుంచి 14 అడుగుల మధ్య ఉండాలి. మీ ఎత్తు ఆ హద్దులోనే ఉన్నా, దూలాలు శబ్దాన్ని చెదరగొడతాయి. చిన్న స్పీకర్లు రెండు తీసుకుని దూలాల పక్కకు బ్రాకెట్లతో బిగించండి, అవి నేరుగా మీ మీదికి మోగుతాయి. కూర్చున్నప్పుడు చెవి మూడున్నర అడుగుల ఎత్తున ఉంటుందనుకుంటే, అవి సరిగ్గా నడినెత్తిన కాకుండా అడుగున్నర నుంచి రెండడుగులు తెర వైపు జరిగి ఉండాలి. మర మేకు దించే ముందు ఆ దూలానికి చెద లేదని వడ్రంగి చేత చూపించండి.

దీనికంటే ముందు, రూపాయి ఖర్చు లేకుండా చేయవలసిన పని ఒకటి ఉంది. 7 అడుగుల ఎత్తున ఉన్న సరౌండ్ స్పీకర్లను చెవి ఎత్తుకు దించండి. ఇలా ఎత్తున బిగించడం మన ఇళ్లలో చాలాచోట్ల చూశాను, పిల్లలకు అందవని అలా చేస్తారు. కానీ చుట్టూ వినిపించాల్సిందే సగం పై నుంచి వస్తూ ఉంటే, పై నుంచి రావాల్సిన దానికి తేడా ఎలా తెలుస్తుంది? ఈ ఒక్క పొరపాటు వల్ల 5.1.2 పెట్టుకుని కూడా నిరాశపడిన వాళ్లున్నారు.

మిక్సింగ్ గది:
పై సలహాతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. తీగల సంగతి ఒకటి కలుపుతాను. ఓటీటీ అట్మాస్‌కు టీవీలోని మామూలు ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ తీగలోంచే రిసీవర్‌కు పంపే దారి) సరిపోతుంది, టీవీ దాన్ని బయటికి పంపగలిగితే చాలు. బ్లూరే డిస్కుల్లోని ట్రూ హెచ్‌డీ (నాణ్యత ఏమాత్రం తగ్గించని రకం) అట్మాస్ మాత్రం అందులోంచి రాదు, దానికి ఏఆర్‌సీకే మెరుగైన రూపమైన ఈఏఆర్‌సీ కావాలి. లేదా ప్లేయర్‌ను నేరుగా రిసీవర్‌కు కలపాలి. అట్మాస్ చదవగలిగే రిసీవర్ మాత్రం ఎలాగూ కొనక తప్పదు.

తెనాలి శ్రోత:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఈ ఆదివారం సరౌండ్ స్పీకర్లను దించి, పాత సెట్‌తోనే అదే సినిమా మళ్లీ పెట్టి చూశాను. వాన ఇంకా పైకి వెళ్లలేదు గాని, పక్క వీధిలోంచి వచ్చే బండి ఏ వైపు నుంచి ఏ వైపుకు పోతోందో ఇన్నేళ్లలో మొదటిసారి స్పష్టంగా తెలిసింది. దూలాలు చూడడానికి వడ్రంగిని రమ్మన్నాను. సోఫాను గోడ నుంచి రెండడుగులు ముందుకు జరపగలను. అప్పుడు పై స్పీకర్లను కూడా అంతే ముందుకు జరపాలి కదా?

గోడలూ తీగలూ:
అవునండీ. ముందు సోఫా జరిపి, అక్కడ కూర్చుని కొలిచిన తర్వాతే దూలానికి గుర్తు పెట్టించండి.