లాక్ లోమండ్ కొండ దారులకు రాతి మెట్లు, కంకర వేయడం అవసరమా?

గోదారిగట్టు (గ్లాస్గో)

మా గ్రూపులో కొన్నాళ్లుగా నలుగుతున్న విషయం ఇక్కడ పెడుతున్నాను. స్కాట్లండ్‌లోని లాక్ లోమండ్ (ఇక్కడ లాక్ అంటే సరస్సు) తూర్పు ఒడ్డున బల్మహా ఊరిని ఆనుకుని కానిక్ హిల్ ఉంది కదా, 361 మీటర్ల గుట్ట. వేసవిలో ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే మనవాళ్లు ముందుగా తీసుకెళ్లే చోట్లలో అదొకటి. కాసేపు అడవిలో నడిచి, గేటు దాటి, పైకెక్కితే సరస్సులోని దీవులన్నీ ఒక వరసలో కనిపిస్తాయి. ఉత్తరాన కొండల ప్రాంతమైన హైలాండ్స్‌ని, దక్షిణాన పల్లపు ప్రాంతమైన లోలాండ్స్‌ని విడదీసే భూభ్రంశ రేఖ (నేల పొరలు చీలిన గీత) ఆ వరసలోనే పోతుంది.

ఆ దారికి ఈమధ్య పెద్ద మరమ్మతులు చేశారు. రాళ్లు పరిచారు, మెట్లు కట్టారు, కంకర పోశారు. మాలో సగంమంది బాగుందంటున్నారు, సగంమంది కొండని పార్కులా మార్చేశారని బాధపడుతున్నారు. నా మటుకు నేను బాగు చేయాల్సిందే అంటాను. దేశం కాని దేశంలో పెద్దవాళ్లు నెల్లాళ్లు ఇంట్లో కూర్చుని కిటికీలోంచి వాన చూస్తుంటారు. వాళ్లు ధైర్యంగా కాలు మోపగలిగే దారి ఒకటి ఉంటే తప్పేమిటి? మీరేమంటారు?

ఏకాంతయాత్రి (ఎడిన్‌బరా)

నేను వ్యతిరేకం. కారణం చెప్తాను.

ఈ దేశంలో నడకకున్న గొప్పతనం దారుల్లో లేదు, హక్కులో ఉంది. 2003లో స్కాట్లండ్ పార్లమెంటు చేసిన భూ సంస్కరణల చట్టం ప్రకారం, బాధ్యతగా నడుచుకుంటే దాదాపు ఏ కొండ మీదికైనా, ఏ అడవిలోకైనా, ఏ సరస్సు ఒడ్డుకైనా వెళ్లొచ్చు. ఇళ్ల పెరళ్లు, పంట వేసిన పొలాలు లాంటివి మినహా. భూమి ఎవరిదైనా సరే అనుమతి అడగక్కర్లేదు. ఇంగ్లండ్‌లోనే ఇంత స్వేచ్ఛ లేదు. అలాంటి చోట మనిషిని ఒకే గీత మీద నడిపించే రాతి మెట్లు కట్టడం నాకు నచ్చదు. నేల చూసుకుంటూ, ఎక్కడ గట్టిగా ఉందో ఎక్కడ కాలు దిగబడుతుందో తెలుసుకుంటూ నడవడమే కొండ నడక.

ఇంకోటి. దారి బాగుంటే జనం పెరుగుతారు. శని, ఆదివారాల్లో బల్మహా కార్ పార్కింగ్ చూశారా? తొమ్మిదిన్నరకి వెళ్లినా చోటు దొరకదు. చదునుగా నడవాలనుకునేవాళ్లకి లాక్ కాట్రిన్ ఒడ్డున తారు రోడ్డు ఉంది. 1859 నుంచి గ్లాస్గోకి మంచినీళ్లు వెళ్తున్నది ఆ సరస్సు నుంచే కాబట్టి ఆ రోడ్డు మీద బయటి కార్లని రానివ్వరు. పిల్లల్ని, పెద్దల్ని నిశ్చింతగా నడిపించొచ్చు. అది ఉండగా కొండల్ని చెక్కడం దేనికి?

అలిపిరిమెట్టు

మోకాళ్ల నొప్పులున్న మనిషిగా ఒక్క మాట. అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు, చాలా దూరం పైన కప్పు కూడా ఉంటుంది. మా అమ్మ ఆ మెట్లు ఎక్కింది. అదే మనిషి ఇక్కడ గుట్ట దిగడానికి భయపడింది. ఇక్కడి రాళ్లు ఎత్తు తక్కువలుగా ఉంటాయి, తడిస్తే జారతాయి, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఎక్కడం ఎవరికైనా పర్వాలేదు, దిగేటప్పుడే అసలు పరీక్ష. పెద్దవాళ్ల కోసమే అయితే మెట్ల కన్నా వంకరలు తిరుగుతూ పోయే కంకర దారి వెయ్యి రెట్లు మేలు.

మట్టిబూట్లు (స్టర్లింగ్)

నేను సెలవు రోజుల్లో దారుల మరమ్మతుకి వాలంటీరుగా వెళ్తుంటాను, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఓపిగ్గా చదవండి.

కొండ మీద రాళ్లు పరిచేది ముందుగా మనిషి సుఖం కోసం కాదండీ, నీళ్ల కోసం. ఇక్కడ పడే వాన సంగతి మీకు తెలుసు. వేలమంది ఒకే చోట నడిస్తే గడ్డి చచ్చిపోతుంది. గడ్డి పోతే కింద నల్లటి పీట్ మట్టి (తడి నేలలో మొక్కలు సగం కుళ్లి ఏర్పడే మెత్తటి మట్టి) బయటపడుతుంది. వాన నీరు ఆ గాడి పట్టుకుని కిందికి పరిగెడుతుంది, మట్టిని కోసుకుపోతుంది. బురదయ్యాక నడిచేవాళ్లు ఏం చేస్తారు? బూట్లు పాడవుతాయని పక్కనున్న గడ్డి మీదికి జరుగుతారు. అదీ బురదవుతుంది. ఇంకాస్త జరుగుతారు. అడుగున్నర వెడల్పుండే కాలిబాట అలా అలా లారీ పట్టేంత గాయమైపోతుంది. దూరం నుంచి కొండకి గోధుమరంగు చార గీసినట్టు కనిపించేది అదే. "ఎక్కడ కావాలంటే అక్కడ నడుద్దాం" అనే స్వేచ్ఛకి అంతమంది వచ్చే కొండ మీద జరిగేది ఇదీ.

రాళ్లు పరిచే పని దగ్గర నిలబడి చూస్తే అర్థమవుతుంది. పైన రాయి దొరకని చోటికి హెలికాప్టర్‌లో సంచులకెత్తి తెస్తారు. ఒక్కో రాయినీ దాని పొడుగాటి వైపు నేలలోకి పోయేలా నిలువుగా దించుతారు. మనం కాలు పెట్టేది దాని చిన్న మొహం మీద మాత్రమే. గునపంతో కదిపి చూస్తే కదలకూడదు, కదిలితే తీసి మళ్లీ పెట్టాలి. ఒక మనిషి పొద్దస్తమానం కష్టపడితే అయ్యేది చాలా కొద్ది దూరం. దారికి అడ్డంగా ఏటవాలుగా రాళ్ల గట్టు ఒకటి పెడతారు, నీటిని పక్క కాలవలోకి మళ్లించడానికి. మాలాంటి వాలంటీర్లు ఎక్కువగా చేసేది ఆ కాలవల్ని శుభ్రం చేయడమే. ఆకులు, కంకర, ఫెర్న్ వేళ్లు పేరుకుపోయి ఉంటాయి. పారతో నాలుగు పెళ్లలు తీయగానే, అప్పటిదాకా దారి మధ్యలో పారుతున్న నీళ్లు కళ్ల ముందే పక్కకి తిరిగి గడ్డిలోకి పోతాయి. ఆ పని ఒక్క చలికాలం మానేస్తే ఎంత ఖర్చుపెట్టి వేసిన దారైనా కొట్టుకుపోతుంది.

ఏకాంతయాత్రి గారూ, మీరన్న హక్కు నాకూ ప్రాణం. కానీ అదే చట్టం "బాధ్యతగా" అనే మాటని కూడా పెట్టింది.

ఏకాంతయాత్రి

మట్టిబూట్లు గారూ, నీళ్ల సంగతి మీరు చెప్పిన తీరు బాగుంది, దానితో నాకు పేచీ లేదు. ఇప్పటికే గాయపడిన కొండకి కట్టు కట్టండి. నా భయం ఆ తర్వాతి అడుగు గురించి. ఒక గుట్టకి మెట్లు కట్టాక పక్క గుట్ట ఎక్కేవాళ్లు "మాకూ కావాలి" అంటారు. బోర్డు, బెంచీ, కాఫీ బండి వరసగా వస్తాయి. మా పిల్లలు దారి లేని కొండని ఒక్కటైనా చూడాలని నా ఆశ.

చక్రాలదారి (అబర్డీన్)

మీ వాదన మొత్తం నడవగలిగేవాళ్ల మధ్య జరుగుతోంది. మా ఆయన వీల్‌చెయిర్‌లో ఉంటారు. మెట్లు కట్టినా, కట్టకపోయినా కానిక్ హిల్ మాకు ఒకటే.

మాకు "సులభమైన నడక" అని రాసి ఉన్న చాలా చోట్ల ఆగిపోయేది గేటు దగ్గర. గొర్రెలు, ఆవులు బయటికి పోకుండా ఇక్కడ ఒక రకం గేటు పెడతారు. చిన్న అరలో ఊగే తలుపు, ఒక మనిషి లోపల నిలబడి, తలుపుని తన వెనక్కి నెట్టుకుని బయటపడాలి. పక్కన పెద్ద గేటుంటుంది, దానికి తాళం. అవతల దారి అద్దంలా చదునుగా ఉంటుంది, మేం ఇవతల ఉంటాం. పిల్లల బండి తోసుకొచ్చే తల్లులదీ అదే పాట్లు. చట్టం అందరికీ హక్కు ఇచ్చింది నిజమే, కానీ ఆ గేటు అరలో మా కుర్చీ పట్టదు.

కెయిర్న్‌గార్మ్స్ కొండల్లో ఆవీమోర్ ఊరి దగ్గర లాక్ అన్ ఎలెన్ సరస్సు ఉంది. సరస్సు మధ్య దీవిలో పాడుబడ్డ కోట, చుట్టూ పాతకాలపు పైన్ అడవి, పూర్తి చుట్టు 5 కిలోమీటర్లకి కాస్త అటూఇటూ. వెబ్‌సైట్లన్నీ సులభం అంటాయి. కాళ్లతో నడిచేవాళ్లకి నిజంగానే సులభం. చక్రాలకి మాత్రం అక్కడక్కడ వేళ్లు, రాళ్లు అడ్డొస్తాయి. ఆ ముక్క ముందే రాస్తే ఎక్కడిదాకా వెళ్లాలో మేమే తేల్చుకుంటాం. వాలు ఎంత, వెడల్పు ఎంత, గేటు ఎలాంటిది, టాయిలెట్ ఎక్కడ. నాకు ముందు కావలసింది ఈ నాలుగు వివరాలు. కొత్త రాళ్లు ఆ తర్వాత.

మిల్‌గైవాసి

వెస్ట్ హైలాండ్ వే అనే పొడవాటి నడక దారి మా ఊళ్లోనే మొదలవుతుంది. 1980లో తెరిచారు, ఫోర్ట్ విలియం దాకా 154 కిలోమీటర్లు. అది కానిక్ హిల్ భుజం మీదుగానే పోతుంది. దేశదేశాల నుంచి బ్యాగులు మోసుకుంటూ జనం వస్తారు. అంటే అరిగేది మన కుటుంబాలు నడిచినందుకు మాత్రమే కాదు.

నన్ను కలవరపెట్టేది వేరే. అదే ఒడ్డున ఇంకాస్త ఉత్తరాన రోవార్డెన్నన్ నుంచి బెన్ లోమండ్ ఎక్కుతారు. 974 మీటర్లు, రానూపోనూ 12 కిలోమీటర్ల దాకా. దారి చాలా దూరం చక్కగా ఉంటుంది, అక్కడే వస్తుంది ప్రమాదం. కింద ఎండ కాస్తుంటే టీ షర్టుతో, చేతిలో చిన్న నీళ్ల బాటిల్‌తో బయల్దేరతారు. పైన గాలి, మబ్బు, ఏప్రిల్‌లో కూడా మంచు ఉండొచ్చు. మబ్బు కమ్మితే పది అడుగుల ముందు ఏముందో కనపడదు. ఇక్కడ కొండల మీద చిక్కుకున్నవాళ్లని దించే రెస్క్యూ టీముల్లో దాదాపు అందరూ వాలంటీర్లే. పడక మీంచి లేచి వస్తారు, పైసా తీసుకోరు.

1892లో నెయిస్మిత్ అనే స్కాటిష్ పర్వతారోహకుడు ఒక లెక్క చెప్పాడు. 5 కిలోమీటర్లకి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే దానికి ఇంకో సగం కలపండి, ఆగి ఫోటోలు తీసుకునే టైము వేరే. దారి మొదట్లో ఉండే బోర్డు మీద ఇది పెద్ద అక్షరాలతో ఉండాలని నా కోరిక. దారిని బాగు చేసినప్పుడు ఆ బాధ్యత కూడా తీసుకోవాలి.

అలిపిరిమెట్టు

దానితో పాటు చెప్పులతో ఎక్కొద్దని కూడా రాయాలి. వేసవిలో మిడ్జ్‌లు (సన్నటి దోమల్లాంటి పురుగులు) కుడతాయి, ఫెర్న్‌లలో తిరిగితే టిక్‌లు (రక్తం పీల్చే పిడుదులు) పడతాయి. ప్యాంటు సాక్సుల్లో దోపుకుని, ఇంటికొచ్చాక పిల్లల మోకాళ్ల వెనక, చెవుల వెనక తప్పకుండా చూసుకోండి. టిక్‌ల వల్ల వచ్చే లైమ్ వ్యాధి తేలిగ్గా తీసుకునేది కాదు.

గోదారిగట్టు

అందరికీ థాంక్స్. చక్రాలదారి అక్కా, గేటు మాట చదివాక మా గ్రూపులో నడకల పట్టిక మళ్లీ రాద్దామనుకుంటున్నాను. వాలు, గేటు, టాయిలెట్ వివరాలతో, తెలుగులో.

నా మాట ఇదీ. ఊళ్ల దగ్గరి అడవుల్లో, సరస్సు ఒడ్డుల్లో గేట్లు మార్చాలి, చదును చేయాలి, కంకర పోయాలి, అక్కడ వెనకాడకూడదు. జనం ఎక్కువగా ఎక్కే గుట్టల మీద నీరు కోసే చోటల్లా రాయి పరచాలి. మిగతా కొండల జోలికి పోనక్కర్లేదు, అక్కడ ఏకాంతయాత్రి గారు చెప్పిందే నా మాట కూడా. ఊళ్లో వాకింగ్‌కి పార్కుకి వెళ్లి వచ్చే మా నాన్నకి ఇక్కడ బర్చ్ చెట్ల కింద నడిచే భాగ్యం ఎవరో మోకాళ్ల మీద కూర్చుని రాళ్లు దించితేనే దొరుకుతోంది. దాన్ని కొండకి జరిగిన అన్యాయంగా నేను చూడలేను.

వచ్చే నెల అమ్మానాన్న వస్తున్నారు. లాక్ కాట్రిన్‌లో ట్రాసక్స్ పియర్ (పడవ ఎక్కే రేవు) నుంచి పడవ మీద అవతలి వైపున్న స్ట్రోనక్‌లాకర్ వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి నడవాలని ఆలోచన. నాన్నకి 71. నడవగలరా?

ఏకాంతయాత్రి

గేట్లు మార్చడానికి నేనూ సంతకం పెడతాను. గుట్టల విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు, రాయి ఆఖరి మందుగానే ఉండాలి.

చక్రాలదారి

గోదారిగట్టు, అక్కడి నుంచి మొత్తం నడవొద్దు. ఉత్తరపు ఒడ్డు చుట్టి ట్రాసక్స్ పియర్ దాకా 20 కిలోమీటర్ల పైనే ఉంటుంది. రోడ్డు తారుదే అయినా ఎత్తుపల్లాలున్నాయి, కొన్ని చోట్ల నేను కుర్చీ తోయలేక ఆగిపోయాను. దానికన్నా ట్రాసక్స్ పియర్ దగ్గర మొదలుపెట్టి, నాన్నగారికి ఓపికున్నంత దూరం ఒడ్డు వెంట వెళ్లి వెనక్కి తిరగండి. కారు, టాయిలెట్, టీ కొట్టు అన్నీ మొదలుపెట్టిన చోటే ఉంటాయి. పడవ ప్రయాణం కావాలంటే రానూపోనూ టికెట్టు తీసుకోండి, వెళ్లేముందు టైములు చూసుకోండి.