గానోడెర్మా ఉండలు కడుతోంది, పాలీశాకరైడ్ మాత్రం రావట్లేదు

ప్రశ్న:
గానోడెర్మా లూసిడమ్ అనే పుట్టగొడుగు శిలీంధ్రాన్ని ద్రవ మాధ్యమంలో పెంచి, అది బయటికి వదిలే పాలీశాకరైడ్ (చక్కెర అణువుల పొడవాటి గొలుసు) తీయాలి. లీటరుకి గ్లూకోజ్ 35 గ్రాములు, పెప్టోన్ 5, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 5, పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 1, మెగ్నీషియం సల్ఫేట్ 0.5. 250 మి.లీ. ఫ్లాస్క్‌లో 150 మి.లీ. పోసి, 28 డిగ్రీల దగ్గర, 120 ఆర్‌పీఎంతో 14 రోజులు తిప్పాం. బఠాణీ గింజంత ఉండలు కట్టాయి. ఆల్కహాల్ పోస్తే తెల్లటి పొడి దిగుతోంది. చక్కెరల్ని కొలిచే ఫినాల్-సల్ఫ్యూరిక్ పరీక్షలో ఒకే శాంపిల్‌కి మూడుసార్లూ మూడు రీడింగులు. లోపం ఎక్కడండీ?

జవాబు 1:
250కి 150 పోస్తే గాలి ఆడదు. 50 మి.లీ. చాలు. ఉండ అంత పెద్దదైతే నడిమికి ఆక్సిజన్ చేరదు, పైపొరే పనిచేస్తుంది. 7 రోజుల సీడ్ కల్చర్‌ని (విత్తనంలా వేయడానికి ముందుగా పెంచుకున్న శిలీంధ్రాన్ని) స్టెరైల్ బ్లెండర్‌లో 10-15 సెకన్లు తిప్పి, 10 శాతం వేయండి. ఉండలు చిన్నవవుతాయి.

ఆక్సిజన్ ఎందుకంత ముఖ్యమంటే: లోపలికెళ్లిన గ్లూకోజ్ ముందు 6-ఫాస్ఫేట్, తర్వాత 1-ఫాస్ఫేట్, ఆపైన యూటీపీ అనే శక్తి అణువుతో కలిసి యూడీపీ-గ్లూకోజ్ అవుతుంది. కణత్వచంలో ఉండే గ్లూకాన్ సింథేజ్ అనే ఎంజైమ్ ఆ గ్లూకోజుల్ని బీటా-1,3 బంధంతో దండలా గుచ్చుతూ బయటికి నెడుతుంది. అక్కడక్కడా 1,6 కొమ్మలుంటాయి. ఖర్చయిన యూటీపీ మళ్లీ తయారవ్వాలంటే శక్తి కావాలి. కణగోడ కట్టుకోడానికీ ఈ యూడీపీ-గ్లూకోజే ఆధారం, కాబట్టి శక్తి చాలకపోతే మీ ద్రవంలోకి వచ్చేది తగ్గుతుంది.

14 రోజులు ఎక్కువే. గ్లూకోజ్ అయిపోయాక శిలీంధ్రం గ్లూకనేజ్ ఎంజైములు వదిలి, తాను చేసిన గ్లూకాన్‌నే, అంటే మీకు కావలసిన ఆ పాలీశాకరైడ్‌నే, తినేస్తుంది. 5వ రోజు నుంచి రోజూ గ్లూకోజ్ కొలవండి. లీటరుకి 5 గ్రాములకి దిగగానే ఆపేయండి.

జవాబు 2:
ఆ తెల్లటి పొడిలో ఎక్కువ భాగం ఫాస్ఫేట్ లవణాలే అయ్యుంటాయి. మంచి పాలీశాకరైడ్ దూదిపోగుల్లా లేచి, గాజుకడ్డీకి చుట్టుకుంటుంది. వడకట్టిన ద్రవాన్ని ఐదో వంతుకి ఇంకించి, నాలుగు రెట్ల 95 శాతం ఆల్కహాల్‌ని కలుపుతూ సన్నగా పోయండి. 4 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి సెంట్రిఫ్యూజ్ చేయండి. తర్వాత నీళ్లలో కరిగించి 48 గంటలు డయాలసిస్ (సన్నరంధ్రాల పొర గొట్టంలో పోసి నీళ్లలో ఉంచి, లవణాల్నీ చిన్న అణువుల్నీ పోగొట్టడం).

రీడింగుల తేడా యాసిడ్ పోసే తీరులోనే ఉంది. 1 మి.లీ. శాంపిల్, 1 మి.లీ. 5 శాతం ఫినాల్, 5 మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్. యాసిడ్ గొట్టం గోడమీంచి జారకూడదు, ధారగా నేరుగా ద్రవం మీదే పడాలి. రంగు తెచ్చేది ఆ ఒక్కసారిగా పుట్టే వేడే. 490 నానోమీటర్ల దగ్గర చూడండి. శిలీంధ్రం వేయని మాధ్యమాన్నీ ఇలాగే నడిపి ఆ విలువ తీసేయండి, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌లోని మన్నాన్ అనే పాలీశాకరైడ్ కూడా ఆల్కహాల్‌కి దిగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
డయాలసిస్ గొట్టం లేకపోతే?

జవాబు 2:
80 శాతం ఆల్కహాల్‌తో కడుగుతూ పోండి. కడిగిన ద్రవంలో ఆల్కహాల్ ఎగరగొట్టి, బెనెడిక్ట్ వేసి వేడిచేస్తే నీలంగానే ఉండిపోవాలి. ఇటుకరంగు వస్తుంటే ఇంకా గ్లూకోజ్ ఉన్నట్టే. లవణాలు మాత్రం ఇలా పూర్తిగా పోవు, అందుకని బరువు తూచి దిగుబడి రాయకండి.