హరిత, పునరుత్పాదక, స్వచ్ఛ: మూడూ ఒకటేనా?

అక్షరమాల: అందరికీ నమస్కారం. ఒక సోలార్ కంపెనీ బ్రోషర్‌ని తెలుగు చేస్తున్నాను. ఒకే పేజీలో గ్రీన్, రెన్యూవబుల్, క్లీన్ అని మూడు మాటలున్నాయి. పేపర్లలో చాలాసార్లు మూడింటికీ ‘హరిత విద్యుత్తు’ అనే వస్తోంది. నేనూ అలాగే కానిచ్చేస్తే నష్టమేమైనా ఉందా? ‘పునర్వినియోగ ఇంధనం’ అని కూడా కొన్నిచోట్ల కనబడింది. అది సరైనదేనా?

పాతమీటరు: ముందు సులువైనది చెప్తాను. పునర్వినియోగం అంటే వాడినదాన్ని మళ్లీ వాడటం. సీసా కడిగి మళ్లీ నూనె పోసుకుంటే అది పునర్వినియోగం. ఎండని ఎవరూ రెండోసారి వాడరు. ఆ మాట కొట్టేయండి.

మిగతా మూడింటినీ మాత్రం కలపకండి. ప్రకృతి మళ్లీ మళ్లీ సమకూర్చేది పునరుత్పాదకం. పొగ, కర్బనం లేకపోతే స్వచ్ఛం. హరితం చాలాసార్లు ప్రభుత్వం ఇచ్చే బిరుదు. ఇచ్చేవాళ్లని బట్టి మారుతుంది. అణు కరెంటునే తీసుకోండి. కర్బనం లెక్కలో స్వచ్ఛం. యురేనియం భూమిలోంచి తవ్వి తీసేది కాబట్టి పునరుత్పాదకం కాదు. మరి హరితమా? ఐరోపా సమాఖ్య 2022లో పర్యావరణహిత పెట్టుబడుల వర్గీకరణలోకి అణుశక్తినీ సహజవాయువునీ షరతులతో చేర్చుకుంది. 2023 జనవరి నుంచి అమలైంది. అదే సమాఖ్యవారి పునరుత్పాదక ఇంధన ఆదేశంలో ఈ రెండింటికీ చోటు లేదు. అన్నింటికీ హరిత అని రాసేస్తే, ఒకే సమాఖ్యలో రెండు జాబితాలున్నాయన్న సంగతి చదివేవారికి తెలియనే తెలియదు.

మన దగ్గర ఇంకా తమాషా. జలవిద్యుత్ కేంద్రం 25 మెగావాట్ల లోపుదైతేనే పునరుత్పాదకం అనేవారు. అది దాటితే ఆ ఖాతా కాదు, మంత్రిత్వ శాఖ కూడా వేరే. నాగార్జునసాగర్ 800 మెగావాట్ల పైమాటే కాబట్టి బయటే ఉండేది. 2019 మార్చిలో కేంద్ర మంత్రివర్గం పెద్ద జలవిద్యుత్తు కూడా పునరుత్పాదకమే అని తేల్చింది. అదే కృష్ణ, అవే టర్బైన్లు! ఇంతా చేసి, డిస్కంలు (కరెంటు పంపిణీ సంస్థలు) తప్పనిసరిగా కొనాల్సిన జలవిద్యుత్ వాటా కిందికి మొదట 2019 మార్చి 8 తర్వాత మొదలైన ప్రాజెక్టులనే తీసుకున్నారు. సాగర్‌కి పేరైతే వచ్చింది, ఆ వాటాలో చోటు రాలేదు. ఇందులో అన్యాయమేమీ లేదులెండి. పాత ఆనకట్టలతోనే కోటా నిండిపోతే కొత్తవి ఎవరు కడతారు?

ప్రవాసి: మాస్టారూ, కాలిఫోర్నియాలో ఆ గీత 30 మెగావాట్ల దగ్గరుంది. హూవర్ డ్యామ్ లాంటి పెద్ద ఆనకట్ట కరెంటు అక్కడి పునరుత్పాదక కోటాలో పడదు. 2018లో తెచ్చిన చట్టంలో 2045 నాటి స్వచ్ఛ విద్యుత్ లక్ష్యానికి ‘పునరుత్పాదక’ పక్కనే ‘సున్నా కర్బన’ అని ఇంకో మాట పెట్టారు. ఆ మాట కిందైతే పెద్ద డ్యాములకీ దారి దొరుకుతుంది.

మా ఒహాయో సంగతి వింటే నవ్వొస్తుంది. 2023 జనవరిలో గవర్నర్ సంతకం చేసిన చట్టం సహజవాయువుని ‘గ్రీన్ ఎనర్జీ’ అంది. ఆ బిల్లు అసలు మొదలైంది దేనికనుకున్నారు? కోడిపిల్లల్ని ఒక్కసారికి కనీసం ఎన్ని అమ్మాలో చెప్పడానికి! దారిలో గ్యాస్ వచ్చి చేరింది. దీన్ని ‘హరిత’ అని తెలుగు చెయ్యాలా, లేక కొటేషన్ గుర్తులు పెట్టి ‘గ్రీన్’ అనే ఉంచాలా?

పాతమీటరు: గుర్తులు పెట్టి ‘హరిత’ అనండి, కింద ‘ఒహాయో చట్టం ప్రకారం’ అని ఒక ముక్క తగిలించండి. చట్టం అన్నదాన్ని మనం దిద్దకూడదు, మన మాటగానూ చెప్పకూడదు. ఆ పక్కనే ఉన్న పెన్సిల్వేనియా ఈ విషయంలో నయం. 2004 చట్టంలో గనుల దగ్గర గుట్టలుగా పడున్న వ్యర్థ బొగ్గుని కాల్చి తీసిన కరెంటుని కూడా కోటాకి పనికొచ్చే వనరుల రెండో తరగతిలో కలుపుకున్నారు. కానీ చట్టానికి ‘ప్రత్యామ్నాయ ఇంధనం’ అనే పేరు పెట్టారు. బొగ్గుని పునరుత్పాదకం అనడానికి నోరు రాలేదన్నమాట.

గోదారిగట్టు: ఇన్ని తిప్పలెందుకండీ, ‘తరగని ఇంధనం’ అంటే చిన్నపిల్లలకీ తెలుస్తుంది. లేదా హిందీవాళ్లలా ‘అక్షయ’ అందాం. ఆగస్టు 20న అక్షయ్ ఊర్జా దివస్ (పునరుత్పాదక ఇంధన దినం) జరుపుతూనే ఉన్నారుగా.

పాతమీటరు: ఎండకీ గాలికీ ‘తరగని’ బ్రహ్మాండంగా సరిపోతుంది. కట్టెల దగ్గరే తేడా కొడుతుంది. చెట్టు కొట్టినంత వేగంగా పెరక్కపోతే అడవి తరిగిపోతుంది. అయినా చాలా చట్టాలు బయోమాస్‌ని (కట్టెలు, పంట వ్యర్థాల లాంటివాటిని) పునరుత్పాదకం లెక్కలోనే వేస్తాయి. ఆస్ట్రేలియాలో సహజారణ్యాల కలప వ్యర్థాన్ని 2015లో జాబితాలోకి మళ్లీ తెచ్చి, 2022 చివర్లో తీసేశారు. ఇలా వచ్చిపోయేదాన్ని తరగనిది అని ఎలా అంటాం? అక్షయపాత్ర కూడా సూర్యుడిచ్చిందే కాబట్టి మీ మాటకి పురాణబలం ఉంది. కానీ అందులోనూ ద్రౌపది భోంచేశాక ఆ పూటకి ఇక ఏమీ ఉండదు!

పాతరోజుల్లో ‘సాంప్రదాయేతర’ అనేవాళ్లం. (సంప్రదాయేతర అనాలి, దీర్ఘం అక్కర్లేదు. బోర్డుల మీద మాత్రం దీర్ఘమే ఉండేది.) కేంద్ర మంత్రిత్వ శాఖ పేరు కూడా అదే. 2006లో ‘నూతన, పునరుత్పాదక’ అయింది.

అక్షరమాల: చాలా ఉపయోగపడింది. ఇంకొక్కటి. బ్రోషర్‌లో ‘గ్రీన్ ఎనర్జీ ఓపెన్ యాక్సెస్’ అని ఉంది. ఇక్కడా విడదీయాలా?

పాతమీటరు: అక్కడ వద్దండి. అది 2022లో కేంద్రం తెచ్చిన నిబంధనల పేరు. 1 మెగావాట్ లోడ్ ఉంటేనే నచ్చినచోట కరెంటు కొనుక్కోవచ్చన్న పరిమితిని హరిత విద్యుత్తు వరకు 100 కిలోవాట్లకి దించారు. ఆ నిబంధనల్లో గ్రీన్ అంటే పునరుత్పాదక వనరులతో తీసిన కరెంటే, జలవిద్యుత్తుతో సహా. స్టోరేజీ (బ్యాటరీల లాంటివాటిలో దాచిన కరెంటు) కూడా వస్తుంది, దాన్ని నింపింది పునరుత్పాదక కరెంటైతేనే. కాబట్టి అక్కడ ‘హరిత ఇంధన ఓపెన్ యాక్సెస్’ అని రాసేయండి. ‘బహిరంగ ప్రవేశం’ అని మాత్రం అనకండి, ఎగ్జిబిషన్ టికెట్ అనుకుంటారు.