సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చాక పని మీద మనసు నిలవట్లేదు, మీరంతా ఎలా గాడిలో పడతారు?

కోనసీమ_పిల్ల:
అందరికీ నమస్తే. సెలవుల తర్వాత మొదటి రోజు ఆఫీసులో ఏ పనితో మొదలుపెడతారో చెప్పండి ప్లీజ్. నేను హైదరాబాద్‌లో ఒక ఆడిట్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను, మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. పండక్కి వెళ్ళి ఈరోజే వచ్చా, బస్సు పంతంగి టోల్ దగ్గర చాలాసేపు ఆగిపోయింది, ఎల్బీ నగర్‌లో దిగేసరికి బాగా తెల్లారిపోయింది, హాస్టల్‌కి వెళ్ళి స్నానం చేసి అటునుంచి అటే ఆఫీసుకి వచ్చేశా. పొద్దున్నుంచి ట్యాలీ తెరిచి కూర్చున్నా గానీ ఒక్క పార్టీ లెడ్జర్ కూడా చివరిదాకా చూడలేకపోతున్నా. డిసెంబర్ నెల జీఎస్టీఆర్-3బి (పన్ను లెక్క కట్టి వేసే జీఎస్టీ రిటర్న్) 20వ తారీఖు ఆఖరు, 2బి (సప్లయర్లు చూపించిన మన కొనుగోలు బిల్లుల లిస్టు) వచ్చేదేమో 14న, సరిగ్గా మేమంతా ఇంటిదగ్గర పండగ పనుల్లో ఉండే టైమ్, ఇంక క్లయింట్లు కూడా పండగ మూడ్‌లోనే ఉన్నారు, సగం మంది పర్చేజ్ బిల్లులే పంపలేదు. మెయిల్ తెరిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో అర్థం కాలేదు, మూసేశా.

పని రాక కాదండీ, ఈ పని నాకు ఇష్టమే. కానీ కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళాం, వెదురుతో కట్టి అలంకరించిన ఎత్తైన ప్రభల్ని వరిచేల మధ్యలోంచి భుజాల మీద మోసుకొచ్చి కౌశిక ఏటి నీళ్ళలోకి దింపి దాటిస్తారు కదా, అంత పొడుగు ప్రభ ఒక పక్కకి ఒరిగితే ఒడ్డున ఉన్నవాళ్ళందరి గుండె ఆగిపోద్ది, మళ్ళీ నిలబడితే ఊరంతా ఒకటే అరుపు. అది చూసొచ్చి ఇక్కడ ట్యూబ్ లైట్ కింద ఇన్‌వాయిస్ నంబర్లు కలపమంటే మనసు రావట్లేదు. మీలో ఎవరికైనా ఇలా ఉంటుందా, ఏం చేస్తారు?

లెడ్జర్_అన్న:
చెల్లీ, మెయిల్ మూసేశావు కదా, ఇంకో గంట అలాగే ఉంచు. ముందు ఒక తెల్ల కాయితం తీసుకుని నీ సీట్లో ఉన్న క్లయింట్ల పేర్లు రాసి, నెలవారీ వేసేవాళ్ళు ఒక పక్క, క్వార్టర్లీ వాళ్ళు ఒక పక్క పెట్టు. క్వార్టర్లీ వాళ్ళకి మన రెండు రాష్ట్రాల్లోనూ 22 దాకా టైముంది, అంటే ఇప్పుడు నీ తల మీద ఉన్న బరువులో కొంత అక్కడే దిగిపోయింది. టీడీఎస్ (జీతాలు, చెల్లింపుల్లో ముందే పట్టుకున్న పన్ను) రిటర్న్‌లు ఈ నెల 31 దాకా ఉన్నాయి, వాటిని ఈవేళ ముట్టుకోవద్దు, ఎవరైనా అడిగినా 3బి అయ్యాకే అని చెప్పు.

ఇంక నెలవారీ వాళ్ళు. సేల్స్ వైపు జీఎస్టీఆర్-1 11వ తారీఖుకే వేసేసి ఉంటారు కాబట్టి అది దాదాపు అయిపోయిన పనే, మిగిలింది ఐటీసీ, అంటే కొన్నవాటి మీద కట్టిన పన్నుకి తీసుకునే క్రెడిట్. 2బి డౌన్‌లోడ్ చేసి పర్చేజ్ రిజిస్టర్ పక్కన పెట్టుకుని పెద్ద అమౌంట్లు ముందు చూడు, చిల్లర బిల్లుల దగ్గర కూర్చుంటే పొద్దు గడిచిపోద్ది గానీ పని తెగదు. 2బిలో కనపడని బిల్లుకి ఈ నెల క్రెడిట్ తీసుకోలేం కాబట్టి ఆ సప్లయర్‌కి ఒక ఫోన్ చేసి, వచ్చే నెల లిస్టులో రాసిపెట్టుకుని ముందుకెళ్ళిపో.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఇది. బిల్లులన్నీ వచ్చేసిన ఒక చిన్న క్లయింట్‌ని తీసుకుని, చలానా కట్టించి, ఓటీపీ కొట్టి ఏఆర్‌ఎన్ (రిటర్న్ వేసినట్టు వచ్చే రసీదు నంబర్) వచ్చేదాకా ఒకే ఊపులో పూర్తి చెయ్యి. పది మందివి సగం సగం తెరిచి పెట్టావంటే సాయంత్రానికి ఏమీ చెయ్యలేదనే దిగులు మిగులుద్ది, ఒక్కటి పూర్తిగా అయితే చెయ్యి దానంతటదే తిరుగుతుంది. ఆ ఓటీపీ క్లయింట్ ఫోనుకే పోద్ది కాబట్టి, ఆయన ఇంకా ఊళ్ళోనే ఉన్నాడా, సిగ్నల్ ఉందా అని ముందే కనుక్కో, ఆఖరి రోజు సాయంత్రం పోర్టల్ నెమ్మదిగా నడుస్తుంటే ఓటీపీ కోసం కూర్చోవడం నరకం. లేట్ ఫీజు రోజుకి 50, నిల్ రిటర్న్ అయితే 20, అదీ కాక కట్టాల్సిన ట్యాక్స్ మీద ఏడాదికి 18 శాతం వడ్డీ, ఇది క్లయింట్‌కి ఒక్క ముక్కలో చెప్పావంటే బిల్లులు సాయంత్రానికి వాట్సాప్‌లో దిగుతాయి.

మెయిల్ తెరిచినప్పుడు మాత్రం పాతవి కాకుండా కొత్తవి ముందు చూడు. నువ్వు లేనప్పుడు మొదలైన గొడవలు సగం నువ్వు లేకుండానే తేలిపోయి ఉంటాయి.

సూటిగా_చెప్తా:
నాకైతే ఇవేం ఉండవు. వచ్చిన రోజే పనిలో దూకేస్తే రెండో రోజుకి అన్నీ మర్చిపోతాం. ఆలోచించే కొద్దీ ఎక్కువవుద్ది.

ఓరుగల్లు_సిస్టర్:
సూటిగా_చెప్తా గారూ, మీకు లేకపోతే మంచిదే, గానీ అందరికీ అట్ల ఉండదు. నేను ఐసీయూల స్టాఫ్ నర్స్‌ను. మా పనిల మనసు రాలేదని ఒక గంట కూసునే వీలు లేదు, డ్యూటీ ఎక్కినమంటే మందుల డోసు మన చేతిల ఉంటది. అందుకనే సెలవుల నుంచి వచ్చినంక మొదటి డ్యూటీ నైట్ ఎయ్యకుండ్రి అని ఇన్‌చార్జ్ సిస్టర్‌ను సెలవు అడిగేటప్పుడే అడిగి పెట్టుకుంట. వచ్చినంక అడిగితే రోస్టర్ అయిపోయింది అంటరు. అట్లనే మొదటి రోజు హ్యాండోవర్ కౌంటర్ దగ్గర నిలబడి తీసుకోను, ఒక్కొక్క బెడ్ దగ్గరికి పోయి పేషెంట్‌ను చూస్కుంట, నడుస్తున్న ఇన్ఫ్యూజన్ (పంపుతోని నరంలకు ఎక్కే మందు) చూస్కుంట, ఛార్టుల రాసింది పంపు మీద ఉన్నది ఒక్కటేనా అని చూస్కుంట, అప్పుడే సంతకం పెడత. రోజూ చేసేదే గానీ ఆ రోజు ఇంకింత నిదానంగ చేస్త, ఎవరు తొందర పెట్టినా వినను. ఎందుకంటే మనం లేని రోజులల్ల వార్డుల పేషెంట్లే మారిపోతరు, పాత యాదితోని పని చేస్తే ప్రమాదం.

చెల్లె, నువ్వు రాత్రంత బస్సుల కూసొని నిద్ర లేకుండ నేరుగ ఆఫీసుకు పోయినవ్. నీకు ఇప్పుడున్నది సగం నిద్రే. ఇయ్యాల అంకెలు కలవకపోతే కలవకపాయె, జల్ది హాస్టల్‌కు పోయి ఇంత తిని పండుకో. రేపటికి కూడ ఇట్లనే ఉంటే అప్పుడు మనసు గురించి ఆలోచిద్దాం.

క్యాష్_కౌంటర్:
నర్స్ గారు చెప్పింది నిజం. నేను బ్యాంకులో చేస్తాను, ఒక విషయం చెప్తా. ఆర్‌బీఐ రూల్ ఒకటి ఉంది, సున్నితమైన సీట్లలో పనిచేసేవాళ్ళని ఏడాదికోసారి, వాళ్ళకి ముందు చెప్పకుండా, కనీసం 10 పనిదినాలు ఒకేసారి లీవులో పంపాలి, ఆ రోజుల్లో ఆఫీసు మెయిల్ తప్ప సిస్టం యాక్సెస్ ఏదీ ఉండదు. పెట్టింది మోసాలు బయటపడడానికి, కానీ దానివల్ల మాకు ఒక మంచి అలవాటు వచ్చింది, ఏ రోజు లేచి వెళ్ళిపోమన్నా ఆ సీటు పక్కవాళ్ళు నడిపేలా ఉంటుంది. చాలా ఆఫీసుల్లో ఇది లేదు, మనిషి లీవుకెళ్తే పని ఆగిపోతుంది, వచ్చాక మొత్తం ఆ మనిషి మీదే పడుతుంది. తిరిగొచ్చాక పడే బాధలో ఎక్కువ భాగం ఇక్కడిదే, మనలో లోపం కాదు. మీ సార్‌తో ఒకసారి మాట్లాడి, 11 నుంచి 20 మధ్యలో ఎవరు లీవు పెట్టినా 2బి డౌన్‌లోడ్ చేసి బిల్లులు అడిగే పని ఇంకొకరు చూసేలా ఇప్పుడే అనుకోండి. పండగ ప్రతి ఏడాదీ అదే వారంలో వస్తుంది, రిటర్న్ కూడా ప్రతి ఏడాదీ అదే వారంలో వస్తుంది.

డల్లాస్_బాబాయ్:
అమ్మాయీ, నేను కాకినాడ వాడిని, ఇక్కడికి వచ్చి చాలా ఏళ్ళయింది. చలికాలంలో మాకూ ఊరికీ పదకొండున్నర గంటల తేడా, అంటే ఒంటికి పగలూ రాత్రీ తలకిందులైపోతాయి, మధ్యాహ్నం మీటింగులో కళ్ళు మూతలు పడతాయి, అర్ధరాత్రి ఆకలేస్తుంది. వీలైతే ఒకటి రెండు రోజులు చేతిలో పెట్టుకుని దిగుతాం, పొద్దున్నే బయటికెళ్ళి ఎండలో నడుస్తాం, మధ్యాహ్నం ఎంత నిద్ర ముంచుకొచ్చినా అరగంట కన్నా ఎక్కువ పడుకోం, వారం తిరిగేసరికి ఒళ్ళు దారికొస్తుంది. మనసు మాత్రం దాని టైం అది తీసుకుంటుంది. గేటు దగ్గర నాన్న చెయ్యి ఊపడం మానేసి ఊరికే నిలబడి చూస్తుంటాడు చూడు, అది కొన్నాళ్ళు పోదు, పోనక్కర్లేదు కూడా.

నేను చేసేది ఒకటే, వచ్చిన మొదటి వారం ఇంటికి రోజూ ఒకే టైముకి ఫోన్ చేస్తాను. ఆ టైం ఉందని తెలిస్తే మిగతా పొద్దంతా ఫోన్ వైపు చూడకుండా పని చేసుకోగలుగుతాను, అక్కడ వాళ్ళు కూడా ఎప్పుడు చేస్తాడో అని ఎదురుచూడకుండా నిమ్మళంగా ఉంటారు. నువ్వు ఒక్క రాష్ట్రం అవతలే ఉన్నావు కాబట్టి ఇంకో మాట, వచ్చే ఏడాది తిరుగు రైలు టికెట్టు 60 రోజుల ముందు బుకింగ్ తెరవగానే తీసేసుకో, అదీ ఆఫీసు మొదలయ్యే రోజు పొద్దున దిగేది కాదు, దానికి ముందు రోజుది. ఊళ్ళో ఒక పూట తగ్గుతుంది, నిజమే, నాకూ ప్రాణం ఒప్పదు. అయినా అదే మేలు.

కోనసీమ_పిల్ల:
అందరికీ చాలా థాంక్స్ అండీ. సిస్టర్ అక్కా, మీరు చెప్పినట్టే నిన్న ఐదింటికే లేచి వెళ్ళిపోయా, తొమ్మిదింటికల్లా నిద్రపోయా, ఈరోజు నిజంగానే వేరేగా ఉంది. లెడ్జర్ అన్నా, కాయితం మీద రాసి చూస్తే నెలవారీ వాళ్ళు నేను అనుకున్నంత మంది లేరు. ఒక మెడికల్ షాపు వాళ్ళవి బిల్లులన్నీ వచ్చేసి ఉన్నాయి, వాళ్ళది ముందు పూర్తి చేశా, ఏఆర్‌ఎన్ కూడా వచ్చింది. ఇంకో క్లయింట్ భీమవరంలోనే ఉన్నారట, ఓటీపీకి రేపు పది గంటలకి ఫోన్ దగ్గర ఉంటానన్నారు. బాబాయ్ గారూ, అమ్మకి రాత్రి ఎనిమిదిన్నరకి చేస్తానని చెప్పేశా. క్యాష్ కౌంటర్ గారూ, సార్‌తో మాట్లాడాలంటే ఊరికే నోటి మాటగా అడిగితే తర్వాత చూద్దాం అంటారు, రాసి ఇవ్వాలి. అలా పని అప్పజెప్పే హ్యాండోవర్ షీట్‌లో ఏమేం ఉండాలి?

క్యాష్_కౌంటర్:
ఒక పేజీ దాటనివ్వకండి, దాటితే ఎవరూ చదవరు. క్లయింట్ పేరు, నెలవారీయా క్వార్టర్లీయా, జీఎస్టీఆర్-1 వేశారా, 2బి డౌన్‌లోడ్ అయిందా, ఏ సప్లయర్ బిల్లులు రావాలి, ఓటీపీ ఎవరి ఫోనుకి వెళ్తుంది, వాళ్ళు ఎత్తకపోతే ఇంకెవరికి చెయ్యాలి. పాస్‌వర్డులు మాత్రం అందులో రాయొద్దు, అవి సార్ దగ్గరే ఉండాలి. ఈ 20 అయిపోగానే, ఇంకా అన్నీ గుర్తున్నప్పుడే, మీరు ఈ వారం పడ్డ ఇబ్బందులతోనే షీట్ నింపి సార్ టేబుల్ మీద పెట్టండి, డిసెంబర్‌లో లీవు అడిగేటప్పుడు దాన్నే తీసి చూపించొచ్చు.