కరవు సీమలో ద్రాక్ష పందిరి: ఇది నిలబడే సాగేనా?

పందిరి రైతు (అనంతపురం):

మా ఇంట్లో మొదలైన వాదన ఇది. నాకు రెండెకరాల దిల్‌ఖుష్ ద్రాక్ష ఉంది. గట్టుకు అవతల మా తమ్ముడి చీనీ (బత్తాయి) తోట. ఈ మే నెలలో వాడి బోరు ఎండిపోయింది, నాది ఇంకా పోస్తోంది. "అన్నా, నీ పందిరి నా చెట్ల నీళ్లు తాగింది" అన్నాడు. కోపంగా అనలేదు, నెమ్మదిగానే అన్నాడు. అందుకే ఆ మాట నన్ను వదలడం లేదు.

మూడేళ్లుగా నేను రసాయన ఎరువులు మానేశాను. పేడ, బెల్లం కలిపి చేసే జీవామృతం, ఘనజీవామృతం, పశువుల ఎరువు వేస్తున్నాను. తెగుళ్లకు బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన నీళ్లు), గంధకం వాడుతున్నాను. డ్రిప్పు ఉంది. నాది భూమికి మేలు చేసే సాగు అనే ఇంతకాలం నమ్మాను. ఇప్పుడు అడుగుతున్నాను, మొహమాటం లేకుండా చెప్పండి: మన జిల్లాలో ద్రాక్ష వేయడమే తప్పా?

చీనీ తోట (తాడిపత్రి):

తప్పే. మీరు నొచ్చుకున్నా చెప్పాలి. మన జిల్లాకు ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. ఎకరానికి లెక్క వేస్తే 22 లక్షల లీటర్లు. అందులో చాలా భాగం ఆవిరైపోతుంది, కొంత వాగు పాలవుతుంది, నేలలోకి ఇంకేది కొంచెమే. ఆ కొంచెం మీ ఒక్కరిదీ కాదు. రాతి పగుళ్లలో ఊరందరికీ కలిసి ఉన్న నీరది. మీ గట్టు దగ్గర అది ఆగిపోదు. పేడ, బెల్లం కలిపి పోసినంత మాత్రాన ఆ లెక్క మారుతుందా? డ్రిప్పు వచ్చాక నీళ్లు మిగులుతాయన్నారు. మా ఊళ్లో మిగిలిన నీళ్లతో తోటలు పెరిగాయి, బోర్లు ఇంకా లోతుకు వెళ్లాయి. నాదీ చీనీ తోటే కాబట్టి ఈ నేరంలో నాకూ వాటా ఉంది. మీ తమ్ముడికీ ఉంది. కానీ ఉన్నదాని మీద పందిరి కూడా వేయడం భరించలేని భారం.

పదవీ విరమణ చేసిన ఉద్యానాధికారి (కర్నూలు):

పై మిత్రుడి లెక్కను కాదనను. అయితే పంట మొత్తాన్ని తప్పు పట్టే ముందు నీరు ఏ నెలలో పోతోందో చూడాలి. అసలు చిక్కు అక్కడే ఉంది.

చలి దేశాల్లో ద్రాక్ష తీగ చలికాలమంతా ఆకు రాల్చి నిద్రపోతుంది. ఏడాదికి ఒక్క కత్తిరింపు చాలు. మన దగ్గర తీగకు నిద్ర లేదు. అందుకే ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరిస్తాం. అక్టోబరు కత్తిరింపు పండు కోసం. ఏప్రిల్ కత్తిరింపు ఆ పండుకు కావలసిన కొత్త కొమ్మల కోసం. అంటే బోర్లు అడుగంటే రోజుల్లోనే తీగ చిగురించి నీళ్లు అడుగుతుంది. కత్తిరించిన తరువాత మొదటి 40 రోజులు రోజుకు 4 మిల్లీమీటర్ల చొప్పున ఇచ్చినా ఎకరానికి రోజుకు 16 వేల లీటర్లు, మొత్తం 6 లక్షల లీటర్లకు పైనే. ఏడాది వానలో నాలుగో వంతుకు మించి ఆ 40 రోజులకే పోతుంది. యూరప్ తోటల కోసం రాసిన సుస్థిర సాగు నియమాలను ఇక్కడికి ఎత్తి తేలేం. వారికి ఈ వేసవి కత్తిరింపే లేదు.

ఇక్కడే పొదుపు చేసే వీలు కూడా ఉంది. 40 రోజుల తరువాత ఇంచుమించు 60వ రోజు వరకు కొమ్మలోని మొగ్గలో పూగుత్తి రూపు దిద్దుకుంటుంది. ఆ ఇరవై రోజులు నీరు, నత్రజని తగ్గిస్తేనే గుత్తులు బాగా వస్తాయి. చాలామంది నీరు తగ్గించడానికి భయపడి, తీగ ఎదుగుదలను ఆపడానికి క్లోర్‌మెక్వాట్ కొట్టారు. 2010లో మన దేశపు ద్రాక్షను యూరప్‌లో తిప్పి పంపింది ఆ మందు అవశేషాల వల్లే. డ్రిప్పు గేటు కొంచెం కట్టేస్తే అయ్యే పనిని సీసాలో కొనుక్కున్నాం. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది, ఎందుకంటే రైతులకు చెప్పవలసిన వాళ్లలో నేనూ ఒకణ్ణి.

పందిరి రైతుగారికి మరో మాట. బోర్డో మిశ్రమం సేంద్రియ సాగులో చెల్లుతుంది, నిజమే. కానీ అందులోని రాగి ఎటూ పోదు, మట్టిలోనే పేరుకుంటుంది. 100 లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలిపితే అందులో పావుకిలో రాగి ఉన్నట్టే. యూరప్‌లో హెక్టారుకు ఏడేళ్లలో 28 కిలోల రాగికి మించకూడదన్న హద్దు పెట్టారు. మన లెక్కలో ఎకరానికి ఏడాదికి కిలోన్నర పైచిలుకు. ఎకరానికి 400 లీటర్ల చొప్పున ఒక శాతం మిశ్రమం రెండుసార్లు కొడితే దాన్ని దాటిపోతారు. మీరు ఎన్నిసార్లు కొడుతున్నారు?

వైనరీలో పనిచేస్తున్నవాడు (సొంతూరు కడప, ఉండేది నాసిక్):

తినే ద్రాక్షకు పండు లావుగా, నిగనిగలాడుతూ ఉండాలి, అందుకే అన్ని నీళ్లు. వైను ద్రాక్ష వేరు. పండు చిన్నదైతేనే రసంలో రంగు, రుచి చిక్కబడతాయి. పండు రంగు తిరిగాక నీటిని బిగబట్టడం అక్కడ నాణ్యత కోసం చేసే పనే. రాళ్ల నేల, పొడి గాలి, డాగ్రిడ్జ్ అనే అడవి ద్రాక్ష వేరు మీద అంటు: మన సీమకు ఇవన్నీ నప్పుతాయి. తొక్క, గింజల పిప్పిని కంపోస్టుగా మార్చి తోటకే వేయవచ్చు. ఒక్క లోటు ఒప్పుకుంటాను. తొట్లు, పీపాలు కడగడానికి తయారైన వైనుకు కొన్ని రెట్లు నీరు కావాలి, దాన్ని శుద్ధి చేసి చెట్లకు మళ్లించకపోతే చెప్పుకున్నదంతా అబద్ధమే అవుతుంది. అయినా సీమలో ఎవరైనా చిన్నగా మొదలుపెట్టాలని నా కోరిక.

తోట కూలీ (పులివెందుల వైపు):

ఇంతమంది ఇన్ని లెక్కలు చెప్పారు, పందిరి కింద పనిచేసేవాళ్ల మాట ఒక్కరూ ఎత్తలేదు. అక్టోబరు కత్తిరింపు అయ్యాక మొగ్గలన్నీ ఒకేసారి పగలాలని హైడ్రోజన్ సైనమైడ్ పూయిస్తారు. గుడ్డతో, చేత్తో, తల పైకెత్తి. మందు మోచేతి మీదుగా కారుతుంది. చర్మం మంటపుడుతుంది. అది పూసిన రోజుల్లో మద్యం తాగితే ప్రాణం మీదికి వస్తుందని మా ఆయనకు ముందుగా ఎవరూ చెప్పలేదు, ఆ రాత్రి ఆసుపత్రికి పరుగెత్తాం. చేతి తొడుగులు ఇవ్వని తోట ఎన్ని జీవామృతాలు పోసినా నా దృష్టిలో మంచి తోట కాదు. వైను సంగతికి వస్తే, మా వాడలో తాగుడు ఏం చేస్తుందో రోజూ చూస్తున్నాను. దానికి పర్యావరణం పేరు పెట్టి నన్ను ఒప్పించలేరు.

వైనరీలో పనిచేస్తున్నవాడు:

అక్కా, తొడుగుల విషయంలో మీ మాటకు ఎదురు లేదు. వైను గురించి మాత్రం నా అభిప్రాయం మారలేదు.

పందిరి రైతు:

అందరికీ నమస్కారం. ఉద్యానాధికారిగారు అడిగిన లెక్క తీశాను. నిరుడు వానల్లో బూజు తెగులు భయంతో బోర్డో ఐదుసార్లు కొట్టాను. అంటే హద్దుకు మూడింతలు. సేంద్రియం అన్న మాట వింటూ నేను దాన్ని ఎన్నడూ కొలవలేదు. తీగలు ఒత్తుగా ఉండి గాలి ఆడకపోవడమే బూజుకు మూలమని నాకు తెలుసు. ఈసారి కొమ్మలు పలచన చేసి, ఒక్కసారితో సరిపెడతాను.

వైను నాకు కుదరదు. కొనేవాడు నాసిక్‌లో ఉంటే నా పండు దారిలోనే పాడవుతుంది. పందిరి మొత్తం తీసేయమంటే మాత్రం ఒప్పుకోలేను. రాతి కూసాలకు, తీగలకు తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. ఒక ఎకరం ఉంచుతాను, రెండో ఎకరానికి వచ్చే ఏప్రిల్ కత్తిరింపు చేయను. వేరుశనగ పొట్టు పాదుల్లో పరుస్తాను. తొడుగులు నిన్ననే తెచ్చాను అక్కా, ముందే తేవలసింది. బోరుకు మీటరు పెట్టి, ఆ ఎకరం నుంచి మిగిలే నీరు తమ్ముడి చీనీకి పైపు వేసి ఇస్తానన్నాను. వాడు ఇంకా జవాబు చెప్పలేదు.

చీనీ తోట:

మీటరు పెట్టిన రోజు అంకె ఇక్కడ రాయండి. నేనూ నా బోరుకు పెట్టి రాస్తాను. వచ్చే మే నెలాఖరుకు రెండూ పక్కపక్కన చూద్దాం. అప్పటివరకు నా మాట నాదే.