అప్‌డేట్: మూడు నెలలైంది, కొంచెం తేలికపడ్డాను

ఎవరు ఏమన్నా అదే తలలో తిరుగుతూ నిద్ర పట్టడం లేదని, మనసు కుదుటపడేందుకు పాటించగలిగే చిన్న నియమాలేమైనా చెప్పమని మూడు నెలల కిందట అడిగాను. చాలామంది చాలా చెప్పారు. నిజం చెప్పాలంటే అందులో రెండే పట్టుకున్నాను.

మొదటిది, ఊహించుకోకుండా అడిగేయడం. మా మేనేజర్ నా మెసేజ్‌కి రెండు రోజులు జవాబివ్వలేదు. ఇదివరకైతే ఉద్యోగం పోయినట్టే టెన్షన్ పడేదాన్ని. ఈసారి నేరుగా వెళ్లి అడిగాను. "చూశానమ్మా, జవాబివ్వడం మర్చిపోయాను" అన్నారు. అంతే! మిగతా కథంతా నేను అల్లుకున్నదే.

రెండోది, ఎపిక్టెటస్ గురించి ఒకరు చెప్పింది. బానిసగా పుట్టి, తర్వాత తత్వం బోధించిన గ్రీకు ఆయన. మన అభిప్రాయాలు, ప్రయత్నాలు మన చేతిలో ఉంటాయి, పేరుప్రతిష్ఠలు ఉండవు అన్నది ఆయన బోధ సారం. వినడానికి సులువే. మా అక్క అందరి ముందూ వెక్కిరించినప్పుడు మాత్రం అదేమీ గుర్తు రాలేదు, గట్టిగా అరిచేశాను. గంట తర్వాత గుర్తొచ్చింది. ఇదివరకు కోపం చల్లారడానికి వారం పట్టేది లెండి.

'కుదరదు' అనడం ఇంకా రావడం లేదు. నోటిదాకా వచ్చి 'చూస్తాను' అయిపోతోంది. రోజూ ధ్యానం చేయమన్నవారు క్షమించాలి, నాలుగో రోజుకే మానేశాను. నిద్ర మాత్రం వారంలో నాలుగైదు రోజులు బాగానే పడుతోంది.