కాంట్రాక్టు కూలి కేసులో ఆర్డరు తప్పుగా వచ్చింది, మళ్లీ చూడమని యాడ అడగల్ల?

అనంతపురం నుంచి:
అన్నలారా, మా అమ్మ వాళ్లు 14 మంది ఇక్కడొక గవర్నమెంటు ఆఫీసులో కాంట్రాక్టరు కింద స్వీపర్లు. కనీస వేతనం కంటే తక్కువిస్తాండాడని కేసేసినాం. ఆర్డరు చేతికొచ్చి వారం, చూస్తే బేసిక్ తేడా మాత్రమే ఇమ్మన్నారు, ఏప్రిల్‌లో అక్టోబర్‌లో పెరిగే డీఏ, అంటే కరువు భత్యం, లెక్కలోకే తీసుకోలేదు. కాంట్రాక్టరు మనిషేమో ఇదే ఫైనల్, సంతకాలు పెట్టి దుడ్లు తీసుకోండి అంటాండాడు. రివ్యూ పిటిషన్ అదే ఆఫీసర్‌కే ఇయ్యల్లా? అమ్మ రాత్రంతా నిద్రపోలేదు.

కర్నూలు నుంచి:
ముందు ఆర్డరులో ఏ చట్టం, ఏ సెక్షన్ అని రాసినారో చూడు తమ్ముడూ, అంతా దాని మీదే ఉండాది. 1948 కనీస వేతనాల చట్టం సెక్షన్ 20 అయితే అందులో అప్పీలే లేదు, నేరుగా హైకోర్టులోనే పిటిషన్, దాన్నే రిట్ అంటారు, అది ఏయల్ల. 2019 వేతనాల కోడ్ సెక్షన్ 45 అయితే, అది 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది, సెక్షన్ 49 కింద పై అధికారికి 90 రోజుల్లో అప్పీలు. కూడికలో పొరపాటైతే అదే ఆఫీసర్‌ని సరిచేయమనొచ్చు, మీకు డీఏనే ఎగరగొట్టినారు కదా, దానికి రివ్యూ అని రాసిస్తే ఆ పవర్ నాకు లేదని వాపసు పంపుతారు, ఈలోగా రోజులు పోతాయి.

అనంతపురం నుంచి:
సెక్షన్ 45 అనే ఉందన్నా. ఆర్డరు తేదీ నుంచి 38 రోజులైపోయింది.

కడప నుంచి:
లెక్క ఆర్డరు తేదీ నుంచే నాయనా, కాపీ చేతికొచ్చిన రోజు నుంచి కాదు, అంటే మీకు 52 రోజులుంది. సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించొచ్చు గానీ దాన్ని నమ్ముకోవద్దు. ఫుల్ అండ్ ఫైనల్ అని రాసున్న కాగితం మీద ఒక్కరు కూడా సంతకం పెట్టొద్దు, మా ఆడోళ్లు అట్లనే మోసపోయినారు. 10 రూపాయలతో ఆర్టీఐ ఇవాళే ఏయండి, 30 రోజుల్లో జవాబియ్యల్ల, ఆ ఆఫీసుకూ కాంట్రాక్టరుకూ అయిన అగ్రిమెంటు కాపీ అడగండి, ఒక్కో మనిషికి ఎంత కూలి చూపించినాడో చాలాసార్లు అందులోనే దొరుకుతాది. పీఎఫ్ పాస్‌బుక్ కూడా తీసిపెట్టుకోండి. లాయరు ఫీజుకి భయపడొద్దు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి పోతే ఆడవాళ్లకి ఆదాయం ఎంతున్నా ఉచితంగా లాయర్ని పెడతారు, 1987 చట్టంలోనే ఉండాది.

అనంతపురం నుంచి:
పొద్దున్నే అమ్మని పిల్చుకొని పోతానక్కా. సంతకాలు పెట్టొద్దని అందరికీ ఇప్పుడే ఫోన్లు చేస్తాండా, ఇద్దరు రేపు పెడతామని ఒప్పుకున్నారంట, ముందు వాళ్లింటికే పోవల్ల.